ఈ-మైగ్రేట్: పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో పెట్టే ముందు

గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్ల కోసం విదేశాంగ శాఖ నడిపే పోర్టల్ ఈ-మైగ్రేట్. 2024 అక్టోబరులో దీని రెండో వెర్షన్ వచ్చింది, మొబైల్ యాప్ కూడా తెచ్చారు. ఏజెంటు అసలోడా నకిలీయా అని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు, పైగా ఉచితం. కానీ పోర్టల్ దారిలో వెళ్లినవాళ్లకే అది పనికొస్తుంది. విజిట్ వీసా మీద పక్కదారిన పోయినవాడు దాని లెక్కలోకే రాడు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వెళ్తున్నవాళ్లలో చాలామందికి ఈ తేడా అక్కడికి వెళ్లాక గానీ తెలియడం లేదు.

ముందు మీకు క్లియరెన్స్ (పనికి దేశం దాటే ముందు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అవసరమో కాదో చూసుకోండి. పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్, అంటే క్లియరెన్స్ కావాల్సినది. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, ఇరాక్ వంటి 18 దేశాలకు ఆ పాస్‌పోర్టుతో పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (ఆ క్లియరెన్స్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అధికారి) అనుమతి ఉండాలి. మన రాష్ట్రాలవాళ్లకు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. 2007 జనవరి తర్వాత ఇచ్చిన పాస్‌పోర్టులో ఈసీఆర్ అన్న మాట ఎక్కడా లేకపోతే అది ఈసీఎన్‌ఆర్ (క్లియరెన్స్ అక్కర్లేనిది) కిందే లెక్క. పది పాసై కూడా ఈసీఆర్ పాస్‌పోర్టు మోస్తున్నవాళ్లు సర్టిఫికెట్ పెట్టి మార్పించుకోవచ్చు. అయితే మార్పిస్తే పని తేలికవుతుందని ఏజెంటు చెప్పేది సగం నిజమే. ఆ మిగతా సగం కింద చెబుతాం.

యాప్‌లో అన్నిటికంటే పనికొచ్చేది రిక్రూటింగ్ ఏజెంట్ల వెతుకులాట. పేరు కొట్టినా, లైసెన్సు నంబరు కొట్టినా వివరాలు వస్తాయి. చాలామంది ‘యాక్టివ్’ అని కనబడగానే ఫోన్ పక్కన పెట్టేస్తారు. అక్కడే మోసపోతారు. నకిలీ వాళ్లు నిజమైన కంపెనీ లైసెన్సు నంబరునే ఫ్లెక్సీ మీద, విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకుంటారు. కాబట్టి మూడు కలవాలి: కంపెనీ పేరు అక్షరం తేడా లేకుండా (ఫలానా ఎంటర్‌ప్రైజెస్ వేరు, ఫలానా ఇంటర్నేషనల్ వేరు), ఆఫీసు చిరునామా, లైసెన్సు గడువు తేదీ. ఆ తర్వాత పోర్టల్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేసి, “మీ తరఫున ఫలానా ఊళ్లో ఫలానా ఆయన మనుషుల్ని తీస్తున్నాడు, నిజమేనా?” అని అడగండి. కార్డు మీద ఉన్న నంబరుకు చేస్తే ఎత్తేది వాడి తమ్ముడే. రిజిస్ట్రేషన్ లేని ఏజెంట్ల జాబితా కూడా రాష్ట్రాలవారీగా అదే పోర్టల్‌లో ఉంది. దానికి ఓ ఐదు నిమిషాలు పెట్టండి.

ఊళ్లో మనకు తగిలేది దాదాపు ఎప్పుడూ సబ్ ఏజెంటే, అంటే లైసెన్సున్న కంపెనీకి మనుషుల్ని పోగుచేసిపెట్టే మధ్యవర్తి. 1983 ఎమిగ్రేషన్ చట్టంలో అలాంటి మనిషికి చోటే లేదు. లైసెన్సున్న ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. బ్యాంకు ద్వారా తీసుకుని రసీదు ఇవ్వాలి. జరిగేది మాత్రం వేరు. రసీదు 30 వేలకు, చేతికిచ్చే నగదు దానికి ఎన్నో రెట్లు. పోర్టల్‌కు ఈ నగదు సంగతి తెలియదు, తెలిసే దారి కూడా లేదు. ఉన్న ఉపాయం ఒకటే. ఇచ్చే ప్రతి రూపాయీ లైసెన్సులో ఉన్న పేరుతోనే ఉన్న కంపెనీ ఖాతాకు పంపాలి. “మా బావమరిది నంబరుకు ఫోన్‌పే చెయ్యండి” అన్నాడంటే బేరం అక్కడే ఆపేయాలి. పెద్ద లైసెన్సుకు 50 లక్షలు, చిన్నదానికి 8 లక్షల బ్యాంకు గ్యారంటీ కట్టి ఉంటుంది. ఫిర్యాదు అందినప్పుడు ఏజెంటు దిగొచ్చేది ఆ డబ్బు మీద భయంతోనే. ఖాతాలో ఆధారం లేనివాడి ఫిర్యాదుకు ఆ భయం పుట్టదు.

క్లియరెన్స్ పని ఏజెంటే ఆన్‌లైన్‌లో నడిపిస్తాడు. అక్కడి యజమాని పోర్టల్‌లో నమోదై ఉండాలి. ఆయన డిమాండ్ లెటర్ (ఏ పనికి ఎంతమంది కావాలో రాసిన లేఖ), ఉద్యోగ ఒప్పందం, వీసా, మీ పాస్‌పోర్టు అన్నీ అందులోకి ఎక్కుతాయి. ఇక్కడ రెండు చోట్ల కన్నేసి ఉంచాలి. ఒకటి మొబైల్ నంబరు. ఏజెంటు మీ నంబరు బదులు తనది ఎక్కిస్తే మీకు రావాల్సిన సందేశాలు వాడికే పోతాయి. రెండోది జీతం, పని. పోర్టల్‌లోకి ఎక్కిన ఒప్పందం కాపీ అడిగి తీసుకోండి. ఒకటి ఫోన్‌లో, ఒకటి ఇంట్లో ఉంచండి. దిగాక వేరే కాగితం మీద సంతకం పెట్టించి జీతం తగ్గించడం పాత అలవాటు. మీ దగ్గర మొదటి కాగితం లేకపోతే రాయబార కార్యాలయానికి కూడా సాయం చేయడం కష్టమవుతుంది.

వీసా మీద వృత్తి అరబ్బీలో ఉంటుంది. చదవడం వచ్చినవాళ్లతో ఒకసారి చదివించుకోండి. ‘ఆమెల్’ అంటే కూలి, ‘సాయిఖ్ ఖాస్’ అంటే ఇంటి డ్రైవరు, ‘రాయీ గనమ్’ అంటే గొర్రెల కాపరి. సూపర్‌మార్కెట్‌లో పని అని చెప్పి గొర్రెల కాపరి వీసా చేతిలో పెడితే, ఎడారిలోకి పంపాక పోర్టల్ చేసేదేమీ ఉండదు.

గల్ఫ్ వీసాకు చేయించుకోవాల్సిన వైద్య పరీక్ష గామ్కా మెడికల్ (ఇప్పుడు వాఫిద్ అంటున్నారు) విషయంలో ఒక హెచ్చరిక. అసలు వీసా ఉందో లేదో తెలియకుండానే మెడికల్ చేయించి డబ్బు దండుకునేవాళ్లున్నారు. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనబడినా అన్‌ఫిట్ అంటారు. ఆ చరిత్ర ఉన్నవాళ్లు అప్పు చేసే ముందే బయట ఎక్స్‌రే తీయించుకోవడం మేలు.

క్లియరెన్స్‌తోపాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజనకు పూర్తి మార్కులు వేయొచ్చు. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు. యజమాని మారినా పాలసీ చెల్లుతుంది, ఆన్‌లైన్‌లోనే పొడిగించుకోవచ్చు. ఇంత తక్కువకు ఇంత బీమా బయట దొరకదు. అయితే ఒక మెలిక ఉంది. ఆ 10 లక్షలు ప్రమాద మరణానికే. మరణ ధ్రువపత్రంలో ‘గుండె ఆగిపోవడం’ అని రాస్తే కుటుంబానికి ఆ సొమ్ము రాదు. ఎండల్లో పనిచేసి నిద్రలోనే పోయినవాళ్ల ఇళ్లు ఈ మెలికతోనే ఉత్త చేతులతో మిగిలాయి. పాలసీ కాగితం, నామినీ పేరు ఇంట్లోవాళ్లకు తెలిసేలా పెట్టండి. బీమా ఉందన్న సంగతే తెలియక క్లెయిము వేయని కుటుంబాలూ ఉన్నాయి. వెళ్లే ముందు ఒకరోజు శిక్షణ ఉంటుంది, ఫరవాలేదు, హాజరుకండి.

ఇక పైన దాటేసిన సగం. ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్టు ఉన్నవాడికి క్లియరెన్స్ అక్కర్లేదు, అంటే ఒప్పందం కాగితాన్ని ముందే చూసే ఆఫీసర్ కూడా ఉండడు. వాళ్ల నమోదునూ తప్పనిసరి చేయాలని 2018 నవంబరులో ఉత్తర్వు ఇచ్చి, ఆ నెలలోనే ఆపేశారు. విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లి అక్కడ మార్చుకుందామనేవాళ్లదీ ఇదే పరిస్థితి. ఆజాద్ వీసా (ఎక్కడైనా పని చేసుకోవచ్చంటూ అమ్మే వీసా) కొనుక్కున్నవాడికి కఫీల్ (వీసా ఇచ్చిన స్పాన్సర్) ఒకడు, పనిచ్చేవాడు ఇంకొకడు. అకామా (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి) రెన్యువల్ ఆగిన రోజున ఖల్లివెల్లి (చెల్లే కాగితాలు లేనివాడు) అయిపోతాడు. ఈ-మైగ్రేట్‌లో అతని పేరు వెతికితే ఏమీ రాదు.

ఇంటిపనికి కువైట్ వెళ్లే ఆడవాళ్లకు నిబంధన మరీ గట్టిది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో 30 ఏళ్లలోపు వాళ్లను పంపరు. పై వయసువాళ్లనైనా ప్రభుత్వ సంస్థల ద్వారానే తీసుకోవాలి. తెలంగాణలో అలాంటి ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. ‘20 నంబరు వీసా’ అంటే ఇంటిపనిది, ‘18 నంబరు’ అంటే కంపెనీది. 20 నంబరు వీసా చూపిస్తూ ఆసుపత్రిలో ఉద్యోగం అంటున్నాడంటే అబద్ధం ఆడుతున్నట్టే.

ఫిర్యాదుకు రెండు కిటికీలున్నాయి, వాటిని కలగలపకండి. ఏజెంటు మీద అయితే ఈ-మైగ్రేట్‌లో, అక్కడికి వెళ్లాక జీతం, పాస్‌పోర్టు, జైలు వంటి చిక్కులైతే ‘మదద్’ పోర్టల్‌లో. లైసెన్సు లేనివాడైతే వీటితోపాటు స్థానిక పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వాలి. ఫిర్యాదుతో పాస్‌పోర్టు కాపీ, వీసా, డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ సంభాషణల స్క్రీన్‌షాట్లు జతచేయండి. వాయిస్ మెసేజ్‌లు చెరపకుండా దాచుకోండి. జీతం, పని గురించి ఏజెంటు ఇచ్చిన హామీలు ఎక్కువగా వాటిలోనే ఉంటాయి.