స్పెయిన్ గణాంక సంస్థవారి ఇంటిపేర్ల శోధన సేవ: ‘హపోన్’ అనే అరుదైన పేరుతో ఒక పరిశీలన

స్పెయిన్ జాతీయ గణాంక సంస్థ తన వెబ్‌సైటులో ఇంటిపేర్ల కోసం ఒక ఉచిత శోధన సేవను నడుపుతోంది. ఒక ఇంటిపేరు టైపు చేస్తే ఆ దేశంలో ఎంతమందికి ఆ పేరు ఉందో, వారు ఏ ప్రావిన్సుల్లో పుట్టారో, ఇప్పుడు ఏ ప్రావిన్సుల్లో ఉంటున్నారో చూపిస్తుంది. ఖాతా తెరవనక్కర్లేదు, రుసుము లేదు, ప్రకటనలు లేవు. స్పానిష్ రానివారు కూడా కాసేపట్లో అలవాటు పడగలిగినంత సులువుగా ఉంటుంది. ఇంటిపేర్ల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఇంత నమ్మకమైన సేవ చాలా దేశాల్లో లేదు. అయితే దీనిని ఏ పనికి నమ్మాలో, ఏ పనికి నమ్మకూడదో తెలుసుకుని వాడాలి. ఆ తేడా స్పష్టంగా కనిపించేది బాగా ప్రచారంలో ఉన్న పేర్లతో కాదు, అరుదైన పేర్లతో. అందుకే ఈ సమీక్షకు సెవిల్ ప్రాంతానికి చెందిన ‘హపోన్’ అనే ఇంటిపేరును ఎంచుకున్నాను.

ఫలితాలను చదవడానికి ముందు స్పెయిన్ ఇంటిపేర్ల పద్ధతి కొంత తెలిసి ఉండాలి. అక్కడ ప్రతి పౌరుడికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి. సంప్రదాయం ప్రకారం మొదటిది తండ్రి మొదటి ఇంటిపేరు, రెండవది తల్లి మొదటి ఇంటిపేరు. పెళ్లి అయినా స్త్రీ ఇంటిపేరు మారదు. అనంతపురం జిల్లా ప్రజలు ఫాదర్ ఫెర్రర్ అని పిలుచుకున్న విసెంతె ఫెర్రర్, 1920లో బార్సిలోనాలో పుట్టి 1969లో అనంతపురం చేరినవారు, పూర్తి పేరు విసెంతె ఫెర్రర్ మోంచో. ఫెర్రర్ తండ్రి వైపు పేరు, మోంచో తల్లి వైపు పేరు. కటలాన్ భాషలో కమ్మరి అనే అర్థం ఉన్న ఫెర్రర్ స్పెయిన్ తూర్పు తీరమంతటా విరివిగా వినిపిస్తుంది. మోంచో దానితో పోలిస్తే చాలా తక్కువ మందికి ఉన్న పేరు. ఒకే మనిషి ఈ సేవలో రెండు చోట్ల లెక్కకు వస్తాడన్నమాట, మొదటి ఇంటిపేరు కింద ఒకసారి, రెండవ ఇంటిపేరు కింద మరొకసారి. మన తెలుగువారు ఎవరైనా స్పెయిన్ పౌరసత్వం తీసుకుంటే ఈ పద్ధతి ప్రకారం తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా నమోదు చేయించుకోవలసి వస్తుంది.

అందువల్ల శోధన ఫలితం మూడు అంకెలుగా వస్తుంది. ఆ పేరు మొదటి ఇంటిపేరుగా ఉన్నవారు ఎందరు, రెండవ ఇంటిపేరుగా ఉన్నవారు ఎందరు, రెండు స్థానాల్లోనూ అదే పేరు ఉన్నవారు ఎందరు అన్నవి ఆ మూడు. చాలామంది మొదటి రెండింటినీ కూడి మొత్తం జనం అంతమంది అని రాసేస్తారు. అది సరికాదు, ఎందుకంటే రెండు స్థానాల్లోనూ అదే పేరు ఉన్నవారు ఆ కూడికలో రెండుసార్లు వస్తారు. ఒకే ఊరిలో ఒకే పేరు గల కుటుంబాల మధ్య తరతరాలుగా పెళ్లిళ్లు జరిగిన చోట ఈ మూడవ అంకె చిన్నది కాదు. అరుదైన పేరు విషయంలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పే అంకె అదే అని నా అభిప్రాయం, ఆ పేరు ఒకచోట ఎంత దట్టంగా అల్లుకుందో దానినిబట్టే తెలుస్తుంది.

రెండవ ఇంటిపేరు అంకెను కూడా తేలికగా తీసుకోకూడదు. 1881లో మాలగాలో పుట్టిన చిత్రకారుడు పాబ్లో పికాసో తండ్రి పేరు హోసె రూయిస్ బ్లాస్కో, తల్లి పేరు మరియా పికాసో లోపెస్. రూయిస్ వేలాదిమందికి ఉన్న పేరు కాబట్టి ఆయన తల్లి ఇంటిపేరును ముందుకు తెచ్చుకున్నాడు. ఆ పికాసో కూడా స్పెయిన్‌లో పుట్టిన పేరు కాదు, ఇటలీలోని జెనోవా సమీపాన ఉన్న సోరి నుంచి వచ్చిన కుటుంబానిది. అరుదైన పేరు తల్లి వైపు నుంచి వచ్చినప్పుడు, తర్వాతి తరంలో అది పత్రాల నుంచి తప్పుకోవడమే మామూలు. రెండవ స్థానంలో ఎందరున్నారో విడిగా చూపించడం వల్ల ఒక పేరు ఎంతమంది దగ్గర ఆ అంచున నిలిచి ఉందో ఈ సేవ మనకు చెబుతోంది. ఇందుకు గణాంక సంస్థను మెచ్చుకోవాలి.

ఇప్పుడు హపోన్ సంగతి. స్పానిష్‌లో జపాన్ దేశం పేరే హపోన్ (Japón). ఆ దేశం పేరును ఇంటిపేరుగా పెట్టుకున్న కుటుంబాలు సెవిల్ నగరానికి దిగువన, గ్వాదల్కివీర్ నది ఒడ్డున ఉన్న కోరియా దెల్ రియో అనే పట్టణంలోనూ, దాని చుట్టుపక్కలా ఉన్నాయి. ఈ పేరు గలవారు 600 నుంచి 700 మంది ఉంటారని సాధారణంగా రాస్తుంటారు. శోధన పెట్టెలో ఈ పేరు ఇచ్చి పుట్టిన ప్రావిన్సుల పట్టిక చూస్తే సెవిల్ ఒక్కటే పైకి తేలుతుంది, మిగిలిన చోట్ల పలచటి ఆనవాళ్లు మాత్రమే. అదే చోట గార్సియా అని ఇచ్చి చూడండి. మొదటి ఇంటిపేరుగానే 14 లక్షలకు పైబడిన జనం, ఏ ప్రావిన్సూ ఖాళీగా ఉండదు. అనేక చోట్ల విడివిడిగా పుట్టిన పేరు అలా కనిపిస్తుంది, ఒకే చోట మొలిచిన పేరు ఇలా కనిపిస్తుంది. మూలం గురించి ఈ సేవ ఒక్క మాట కూడా చెప్పకపోయినా, ఎక్కడ వెతకాలో మాత్రం చూపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మనుషుల సంఖ్య పక్కనే వెయ్యికి ఎంతమంది అనే నిష్పత్తి కూడా ఇస్తారు. అరుదైన పేర్లకు సంఖ్యకన్నా ఈ నిష్పత్తినే చూడాలి. మాద్రిద్, బార్సిలోనా పెద్ద జనాభా గల ప్రావిన్సులు, దేశం నలుమూలల నుంచి పనికోసం వచ్చినవారు అక్కడ ఉన్నారు. సంఖ్య మాత్రమే చూస్తే ఎక్కడి పేరైనా మాద్రిద్‌దే అనిపిస్తుంది. అదే కారణంగా, నివాస పట్టికకన్నా జన్మస్థల పట్టిక ముందు తెరవడం మంచిది.

సెవిల్‌ను చూపించాక ఈ సేవ ఆగిపోతుంది, కథ మాత్రం అక్కడినుంచే మొదలవుతుంది. 1613 అక్టోబరులో జపాన్‌లోని సెందాయ్ ప్రభువు దాతె మసమునె, హసెకుర త్సునెనాగ అనే సమురాయ్‌ని రాయబారిగా ఐరోపాకు పంపాడు. సెవిల్‌లో పుట్టిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి లూయిస్ సొతెలో ఆయనకు తోడు. న్యూ స్పెయిన్‌తో, అంటే నేటి మెక్సికోతో, నేరుగా వ్యాపారం సంపాదించడం, తన సీమకు మతబోధకులను రప్పించడం ఆ ప్రభువు కోరికలు. సుమారు 180 మందితో బయలుదేరిన ఓడ పసిఫిక్ దాటి అకపుల్కో చేరింది. అక్కడినుంచి నేల మార్గాన మెక్సికో దాటి, అట్లాంటిక్ మీదుగా 1614 అక్టోబరులో స్పెయిన్‌లోని సాన్లూకార్ రేవుకు చేరేసరికి బృందంలో సుమారు 30 మంది మిగిలారు. గ్వాదల్కివీర్ నదిలో పైకి వచ్చి, సెవిల్‌లో అడుగుపెట్టే ముందు వారు బస చేసిన చోటు కోరియా. మసమునె సెవిల్ నగరానికి రాసిన లేఖ నేటికీ ఆ నగర పురపాలక పత్రాగారంలో ఉంది.

1615 ఫిబ్రవరిలో మాద్రిద్‌లో మూడవ ఫెలిపె రాజు సమక్షంలో హసెకుర క్రైస్తవం స్వీకరించాడు. అదే ఏడు నవంబరులో రోమ్‌లో ఐదవ పాల్ పోపును దర్శించాడు. అయితే అప్పటికే జపాన్‌లో తొకుగావ ప్రభుత్వం 1614లో క్రైస్తవాన్ని నిషేధించింది, ఆ కబురు ఐరోపాకు చేరాక రాయబారానికి విలువ లేకపోయింది. రాజు నుంచి జవాబు కోసం ఎదురుచూస్తూ హసెకుర చాలాకాలం సెవిల్ సమీపంలోని ఎస్పార్తినాస్‌లో, లొరెతో మఠంలో గడిపాడు. చివరికి 1617లో ఆయన తిరుగుప్రయాణం కట్టినప్పుడు బృందంలో కొందరు వెనక్కి వెళ్లలేదు. మతం మారినవారికి సొంత దేశంలో ఏమి ఎదురవుతుందో వారికి తెలుసు. సొతెలో మనీలా మీదుగా రహస్యంగా జపాన్ చేరి, 1624లో సజీవ దహనానికి గురయ్యాడు. హసెకుర 1620లో ఇల్లు చేరి, రెండేళ్లకు మరణించాడు.

కోరియా చర్చి నమోదు పుస్తకాల్లో ఈ ఇంటిపేరు కనిపించేది 17వ శతాబ్దం మధ్యభాగం నుంచి. ఉండిపోయిన మనుషుల పేర్లనూ, ఆ మొదటి హపోన్ బిడ్డల తల్లిదండ్రులనూ ఒకే కాగితం మీద కలిపే పత్రం దొరకలేదు, కాబట్టి వంశక్రమం అంచె అంచెగా రుజువైందని చెప్పలేము. అయినా ఊరు అదే, కాలం దగ్గరిదే, పేరు దేశం పేరే, అది దేశంలో మరెక్కడా వేరుగా మొలవలేదు. ఇన్ని ఒకచోట కలిసినప్పుడు కోరియా ప్రజల నమ్మకం సమంజసమైనదనే నేను అనుకుంటున్నాను. మనలో ఎన్నో ఇంటిపేర్లు పూర్వీకులు వదిలి వచ్చిన ఊరి పేర్లే. కొత్తగా వచ్చినవారిని ఎక్కడినుంచి వచ్చారో ఆ చోటి పేరుతో పిలవడం స్పెయిన్‌లోనూ పాత అలవాటు, హపోన్ విషయంలో ఆ చోటు ఒక దేశమంత పెద్దది కావడమే విశేషం. కోరియా నది ఒడ్డున హసెకుర విగ్రహం ఉంది. 2013 జూన్‌లో అప్పటి జపాన్ యువరాజు నరుహితో ఆ పట్టణానికి వచ్చి ఒక చెర్రీ మొక్క నాటారు. ఆ రాయబారానికి సంబంధించిన జపాన్, స్పెయిన్ పత్రాలను అదే సంవత్సరం యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

సేవలోని లోపాల దగ్గరికి వస్తే, మొదటిది, అన్నిటికన్నా పెద్దది, వివరం ప్రావిన్సు దగ్గర ఆగిపోవడం. హపోన్ ఒక పట్టణానికి చెందిన పేరు. ఫలితం మాత్రం సెవిల్ అని చెప్పి ఊరుకుంటుంది. కోరియా పేరు తెలియనివారు ఆ ప్రావిన్సులోని వంద పైచిలుకు పురపాలక ప్రాంతాల్లో ఎక్కడ వెతకాలి? కటలోనియా గణాంక సంస్థ తన ప్రాంతానికి ఇంటిపేర్లను ఇంకా చిన్న విభాగాలవారీగా ఇస్తోంది కాబట్టి ఇది సాధ్యం కాని పనేమీ కాదు.

రెండవది, గోప్యత నియమం. దేశం మొత్తం మీద 20 మందికన్నా తక్కువ ఉన్న పేర్లను, ప్రావిన్సులో 5 మందికన్నా తక్కువ ఉన్న లెక్కలను చూపించరు. వ్యక్తులను గుర్తుపట్టకుండా కాపాడే ఆ నియమం న్యాయమైనదే, దానితో నాకు పేచీ లేదు. కానీ అలాంటి పేరు అడిగినప్పుడు, ఆ పేరు గలవారు లేరు లేదా 20కన్నా తక్కువ ఉన్నారు అని రెండింటికీ కలిపి ఒకే సమాధానం వస్తుంది. పూర్తిగా అంతరించిన పేరుకూ, పదిమంది మోస్తున్న పేరుకూ తేడా తెలియదు. ఇంటిపేర్లను అధ్యయనం చేసేవారికి అన్నిటికన్నా అవసరమైన చోటే ఈ సేవ మౌనంగా ఉండిపోతోంది. రెండు సందేశాలు విడిగా ఇస్తే ఎవరి గోప్యతకూ భంగం రాదు.

మూడవది అక్షరాల సంగతి. ఫలితాలు పెద్ద అక్షరాల్లో, ఉచ్చారణ గుర్తులు లేకుండా వస్తాయి. హపోన్ వంటి పేరుకు ఇబ్బంది లేదు. ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ భాష పేర్లకు మాత్రం చిక్కే. గొయికొఎచెయా అనే పేరును కొందరు స్పానిష్ వర్ణక్రమంలో (Goicoechea), మరికొందరు బాస్క్ వర్ణక్రమంలో (Goikoetxea) రాస్తారు. మూలం ఒకటే అయినా సేవ వాటిని వేర్వేరు పేర్లుగానే లెక్కిస్తుంది, ఒకదానినుంచి మరొకదానికి దారి చూపదు. ఉన్న రూపాలన్నీ మనమే తెలుసుకుని ఒక్కొక్కటిగా వెతుక్కోవాలి.

అంకెల తర్వాత మూలం వెతకాలంటే స్పెయిన్ ప్రభుత్వ పత్రాగారాల ఉమ్మడి పోర్టల్ పారెస్‌కు వెళ్లాలి. అదీ ఉచితమే. సెవిల్‌లోని ఇండీస్ పత్రాగారం, వయ్యదోలిద్ సమీపంలోని సిమాంకాస్ కోట పత్రాగారం, ఇంకా ఎన్నిటివో వివరణలు, లక్షలకొద్దీ పత్రాల ఛాయాచిత్రాలు అందులో ఉన్నాయి. అయితే హపోన్ అని వెతికితే ఇంటిపేరుకన్నా దేశం గురించిన పత్రాలే వెల్లువగా వస్తాయి, కోరియా అనో, కాలం హద్దులనో చేరిస్తే తప్ప పని జరగదు. పౌర నమోదు స్పెయిన్ అంతటా 1871లో మొదలైంది కాబట్టి అంతకుముందు కాలానికి చర్చి పుస్తకాలే ఆధారం, అవి ఎక్కువగా ఆయా డయోసిస్‌ల (బిషప్‌ల పరిధిలోని ప్రాంతాల) పత్రాగారాల్లోనో, ఊరి చర్చిలోనో ఉంటాయి.

ఈ రెండిటినీ వదిలి, డబ్బు తీసుకుని ఇంటిపేరు చరిత్ర, వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) పంపే వ్యాపార సైట్ల వైపు పోవద్దని గట్టిగా చెబుతాను. స్పెయిన్‌లో అలాంటి చిహ్నం ఒక వ్యక్తికో, ఒక వంశానికో చెందేది, ఆ ఇంటిపేరు ఉన్న అందరికీ కాదు. గార్సియాలందరికీ ఒకే చిహ్నం అమ్మేవారు ఏ పత్రమూ చూసి ఉండరు.

2017 జూన్ 30 నుంచి పుట్టిన బిడ్డకు తల్లి పేరు ముందా, తండ్రి పేరు ముందా అన్నది తల్లిదండ్రులే ఒప్పందంగా చెప్పాలి, తండ్రి పేరే ముందు అనే పాత నియమం పోయింది. 1999 నాటి చట్టం వరుస మార్చుకునే వీలు ఇచ్చినా, ఏమీ చెప్పకపోతే తండ్రి పేరే నిలిచేది. ఈ మార్పుతో అరుదైన పేర్లు తల్లి వైపు నుంచి కూడా మొదటి స్థానానికి వచ్చే దారి తెరుచుకుంది. దాని ఫలితం ఈ సేవలోని మొదటి, రెండవ అంకెల మధ్య తేడాలో ఏటికేడు కనిపించాలి. శోధన ఫలితం ఒక తేదీ నాటి లెక్కగానే వస్తుంది కాబట్టి, గణాంక సంస్థ పాత సంవత్సరాల లెక్కలను కూడా అదే పెట్టెలో పక్కపక్కన చూసుకునే వీలు కల్పించాలి. అంతవరకు, అరుదైన పేరును అనుసరిస్తున్నవారు ఫలితాన్ని తేదీతో సహా తమ దగ్గర భద్రపరచుకోవడం అవసరం.