దేవదూతల ఫ్లాష్ కార్డ్స్: వెనక వైపు బాగుంది, ముందు వైపే పేచీ

సండే స్కూల్ పిల్లల కోసం బైబిల్లో దేవదూతల మీద ఉన్న కార్డుల సెట్ ఒకటి కొన్నా. అట్ట మందంగా ఉంది, పిల్లలు లాగి పీకినా చిరగట్లేదు, వెనకాల ఏ పుస్తకం ఏ అధ్యాయమో నీట్‌గా ఇచ్చారు.

బొమ్మలే అస్సలు నచ్చలేదు. కెరూబు (ఒక రకం దేవదూత) కార్డు మీద బూరెబుగ్గల పాపాయికి రెండు బుల్లి రెక్కలు పెట్టారు, తిప్పితే యెహెజ్కేలు 10 అని ఉంది, తీసి చదివితే నాలుగేసి ముఖాలు, నాలుగేసి రెక్కలు, ఒళ్లంతా కళ్లు! ఏదెను తోట దగ్గర జీవవృక్షానికి కాపలా ఉన్నది కెరూబులే, ఈ పాపాయిని చూసి ఎవరు ఆగుతారండీ. యెషయా 6లోని సెరాపులకి (ఇంకో రకం దూతలు) మాత్రం ఆరు రెక్కలూ కరెక్టుగా వేశారు. ఇక సొదొమకి వచ్చిన ఇద్దరు దూతలకి కూడా రెక్కలూ, తల చుట్టూ వెలుగూ పెట్టేశారు, ఆ ఊళ్లో ఉండే లోతు అనే ఆయన వాళ్లని మామూలు బాటసారులనుకునే కదా ఇంటికి పిలిచి భోజనం పెట్టింది, తెలియకుండానే దేవదూతలకి ఆతిథ్యం ఇచ్చారని హెబ్రీ 13:2లో ఉన్న మాట ఈ బొమ్మ చూపించి పిల్లలకి ఎలా చెప్పాలి?

హాగరు (అబ్రాహాము భార్య శారా దగ్గర నుంచి పారిపోయిన దాసి) కార్డు ఇంకా నిరాశ. "దేవదూత ఓదార్చాడు" అని ఒక్క లైనుతో సరిపెట్టారు. ఆదికాండం 16లో మాట్లాడేది యెహోవా దూత, కానీ ఆమె మాత్రం తనతో మాట్లాడింది దేవుడే అన్నట్టు పేరు పెట్టి పిలుస్తుంది, మోషే చూసిన మండే పొద దగ్గరా ఇదే తికమక. ఆ దూత మనిషిగా పుట్టకముందు క్రీస్తే అని కొందరు, పంపినవాడి అధికారంతో దూత మాట్లాడాడని కొందరు అంటారు, ఈ రెండూ చిన్న అక్షరాల్లో వేసినా పెద్ద పిల్లలు గంటసేపు వాదించుకునేవాళ్లు.

రఫాయేలు అనే దూత కార్డు కూడా ఉంది, తోబీతు గ్రంథం అని రాశారు, అది కాథలిక్ బైబిల్లో ఉంటుంది ప్రొటెస్టెంట్ బైబిల్లో ఉండదు అని ఒక ముక్క రాయాల్సింది, మా పిల్లలు పేజీలు తిరగేసి తిరగేసి విసిగిపోయారు. మిఖాయేలు, గబ్రియేలు కార్డులు ఓకే.

సెట్ మొత్తంలో నాకు నచ్చింది ప్రకటన గ్రంథం 22 కార్డు, ఆ దర్శనం చూసిన యోహాను దూత కాళ్ల మీద పడబోతే దూత వద్దు, నేనూ నీలాంటి దాసుణ్ణే, దేవుడికే నమస్కారం చెయ్యి అని ఆపేస్తాడు, అది చక్కగా గీశారు.

చదవడం వచ్చిన పిల్లలుంటే తీసుకోండి, ముందు వెనక వైపు చూపించండి. మరీ చిన్నపిల్లలకైతే వద్దు. ఐదుకి మూడు స్టార్లు.