బెజవాడలో వారానికి మూడు రాత్రులు: వ్యానా, హాస్టల్ మంచమా, పోర్షనా?

ఇల్లు నరసరావుపేటలోనో అద్దంకిలోనో ఉంటుంది. పని మాత్రం వారానికి మూడు నాలుగు రోజులు బెజవాడలో పడుతుంది. కానూరు వైపు కాలేజీలో పాఠాలు చెప్పే గెస్ట్ లెక్చరర్లు, ఆసుపత్రుల చుట్టూ తిరిగే మెడికల్ రెప్పులు, 2025 మేలో రాజధాని పనులు మళ్ళీ మొదలయ్యాక అమరావతిలో సబ్ కాంట్రాక్టులు పట్టినవాళ్ళు, వీళ్ళందరిదీ ఒకటే తంటా. నెలకు పదమూడు రాత్రులు పడుకోవడానికి ముప్పై రోజుల అద్దె ఎందుకు కట్టాలి? ఈ ప్రశ్న దగ్గరే చాలామందికి వ్యాను ఆలోచన పుడుతుంది. పాత మారుతీ ఈకోనో, టాటా వింగరో కొని, వెనకాల మంచం, ఫ్యాను, నాలుగు అరలు వేయించుకుంటే అద్దె గొడవే ఉండదు కదా అని. మనాలీ రోడ్ల మీద తీసిన వీడియోలు చూశాక ఆ ఆశ ఇంకాస్త పెరుగుతుంది. అక్కడి చలిలో రగ్గు కప్పుకుని పడుకునే వ్యాను వేరు, కృష్ణ ఒడ్డున ఉక్కలో పడుకోవాల్సిన వ్యాను వేరు.

మీ ఇల్లు గుంటూరులోనో తెనాలిలోనో ఉంటే మాత్రం ఈ లెక్కలతో మీకు పనిలేదు. రైల్లో గుంటూరు నుంచి విజయవాడ 32 కిలోమీటర్లు, తెనాలీ దాదాపు అంతే. సీజన్ టికెట్ తీసుకుని రోజూ ఇంటికెళ్ళి అన్నం తినండి. రాత్రి ఆలస్యమైనా గుంటూరు బస్సు దొరుకుతుంది. ఈ గోలంతా రానుపోను నాలుగైదు గంటలు పట్టేవాళ్ళ కోసం.

ముందు డబ్బు చూద్దాం. లెక్క కోసం హాస్టల్లో ఇద్దరు ముగ్గురు పంచుకునే గదికి భోజనంతో నెలకు 6,000 అనుకోండి. పదమూడు రాత్రులకు పంచితే రాత్రికి 460 రూపాయలు పడుతుంది. చిన్న పోర్షన్ అద్దె 7,000 అనుకుంటే, దానికి అడ్వాన్సు, కరెంటు బిల్లు, గ్యాసు, గిన్నెలు, చాపలు, చీపుర్లు అదనం. ఇక వ్యాను. బండి, లోపలి పని కలిపి 4 లక్షలైందనుకుందాం. ఐదేళ్ళు వాడి 2 లక్షలకు అమ్మితే, పోయిన 2 లక్షలను అరవై నెలలకు పంచితే నెలకు 3,300 పైచిలుకు. ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు సగటున ఇంకో పదిహేను వందలు. అంటే హాస్టల్ కంటే వెయ్యి తక్కువ. చాలామంది ఇక్కడికి రాగానే లెక్క ఆపేసి సంబరపడతారు.

పెట్రోలు ఇంకా వేయలేదు. నరసరావుపేట నుంచి రానుపోను 160 కిలోమీటర్ల పైనే. లోడు మీదున్న బండి లీటరుకు పదహారు ఇచ్చినా పది లీటర్లు, అంటే మన దగ్గరి ధరల్లో వారానికి 1,100 దాకా. నెలకు నాలుగున్నర వేలు దాటుతుంది. బస్సులో ఒక్క మనిషికి అందులో సగం కూడా కాదు. దారిలోని కాజ టోల్ గేటు ఒక్కటే ఇప్పుడు కాస్త తేలికైంది. 2025 ఆగస్టు 15న సొంత కార్లకు, జీపులకు, వ్యాన్లకు ఫాస్టాగ్ ఏడాది పాస్ మొదలుపెట్టారు, అప్పట్లో 3,000 రూపాయలకు 200 సార్లు గేటు దాటవచ్చు, ఒక్కోసారికి పదిహేను రూపాయలు. పసుపు ప్లేటు బండికి ఇది వర్తించదు. మొత్తం మీద, సామాను మోయడానికో ఊళ్ళు తిరగడానికో మీకు ఎలాగూ బండి కావాల్సి ఉంటేనే వ్యాను లెక్క కుదురుతుంది. కేవలం పడుకోవడానికి కొంటే హాస్టలే చవక.

డబ్బు సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు. ఎండ సంగతి సర్దుకునేది కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. బెజవాడలో ఏప్రిల్ మూడో వారం నుంచి జూన్ వానలు పడేదాకా పగలు నలభై దాటడం మామూలు, ఒక్కో ఏడు నలభై అయిదు. అసలు కష్టం రాత్రిది. కాలవలు, కృష్ణ, చుట్టూ కొండలు, సిమెంటు. అర్ధరాత్రి దాటినా గాలి ఆడదు, చెమట ఆరదు. పగలంతా ఎండలో నిలబడిన ఇనప డబ్బా ఆ వేడిని రాత్రి లోపలికే వదులుతుంది. రేకు వెనక ఫోము, దాని మీద ప్లైవుడ్డు వేయిస్తే వేడి ఎక్కడం ఆలస్యమవుతుంది, అంతే. ఎక్కిన వేడి దిగడం కూడా అంతే ఆలస్యం.

ఏసీ పెట్టిద్దామంటే బ్యాటరీ లెక్క చూడండి. పన్నెండు వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో పట్టేది దగ్గర దగ్గర 1.2 యూనిట్ల కరెంటు. తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే అందులో పావు యూనిట్. కాబట్టి ఫ్యానుకు, లైటుకు, ఫోను చార్జింగుకు ఒక్క బ్యాటరీ ధారాళంగా సరిపోతుంది. అదే టన్ను ఏసీ పెడితే గంట, మహా అయితే గంటన్నర. పైన సోలార్ పలక పెడితే ఇంకో తిరకాసు. బండిని ఎండలో ఆపితే బ్యాటరీ నిండుతుంది, రాత్రి నిద్ర పట్టదు. నీడలో ఆపితే దానికి తిరగేసి. ఇంజను ఆన్‌లో పెట్టి బండి ఏసీతో తెల్లార్లూ పడుకుందామనే ఆలోచన మాత్రం చేయకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మూసిన బండిలో నిద్రలో ఉన్న మనిషికి తెలివి రాదు.

కిటికీలు తీసి పడుకుంటే దోమలు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ మూడూ ఊరి మధ్యలోంచే పోతాయి. ఆ ఒడ్డుల దగ్గర సాయంత్రం ఐదు నిమిషాలు నిలబడినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కిటికీలకు జాలీ తప్పదు. జాలీ వేస్తే వచ్చే గాలి సగమవుతుంది.

హాస్టల్లో ఈ గండం లేదా అంటే ఉంది, కానీ వేరే రకంగా. ముగ్గురున్న గదిలో పై అంతస్తు స్లాబు కూడా తక్కువేం కాదు. అయితే కరెంటు ఉంటుంది, పాతదో కొత్తదో కూలరు ఉంటుంది, వెయ్యి ఎక్కువ కడితే ఏసీ గది దొరుకుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వ్యాను గెలుస్తుంది. తలుపులు రెండూ తీసి దోమతెర కట్టుకుంటే పక్క మంచంవాడి గురక, ఫోనులో రీల్సు మోత లేకుండా హాయిగా నిద్ర పడుతుంది. మార్చి వచ్చాక గెలవదు.

సరే, చలికాలమే అనుకుందాం. బండి ఎక్కడ ఆపుతారు? వ్యాను గురించి నన్నడిగిన ప్రతివాళ్ళనూ నేను తిరిగి అడిగేది ఇదే. పున్నమి ఘాట్ వైపు, కరకట్ట మీద, కనకదుర్గమ్మ వారధి అవతల, పగలు ఎక్కడ చూసినా చోటు కనిపిస్తుంది. రాత్రి పదకొండుకు పోలీసు వచ్చి అద్దం మీద తట్టినప్పుడు ఏం చెబుతారు? మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో పది గంటలు దిక్కూమొక్కూ లేకుండా వదిలేసిన బండిని, పార్కింగ్ నిషిద్ధమైన చోట ఆపిన బండిని తీయించే అధికారం వాళ్ళకుంది. లోపల మీరున్నారు కాబట్టి వదిలేసిన బండి అనరు. ఇక్కడ ఎందుకు పడుకున్నావనే ప్రశ్న మాత్రం రోజూ వస్తుంది. దసరా పది రోజులైతే వన్ టౌన్ వైపు, దుర్గమ్మ కొండ చుట్టుపక్కల వాహనాలనే మళ్ళిస్తారు.

అందుకే నా దృష్టిలో పోటీ వ్యానుకూ గదికీ కాదు. మీకు జాగా ఉందా లేదా, అంతే. పోరంకిలోనో, తాడేపల్లిలోనో, గొల్లపూడిలోనో పిన్ని ఇంటి ప్రహరీ లోపల బండి పట్టే చోటు, అక్కడొక కరెంటు ప్లగ్గు, బయట బాత్రూము ఉంటే వ్యాను రాజాలాంటిది. ప్లగ్గు దొరికితే పైన చెప్పిన బ్యాటరీ బాధ కూడా పోతుంది, మే నెలలో చిన్న ఏసీ నడుపుకోవచ్చు. పిన్నికి నెలకు వెయ్యో పదిహేను వందలో ఇవ్వబోతే తీసుకోదు, కరెంటు బిల్లు మీరే కట్టేయండి. చుట్టాలు లేనివాళ్ళు ఫంక్షన్ హాలు వాచ్‌మన్‌ను కదిపి చూడవచ్చు. ఆషాఢంలో, మూఢంలో ఆ ఆవరణలు ఖాళీగా పడి ఉంటాయి. ముహూర్తాల సీజనులో మాత్రం బ్యాండుమేళం మధ్య నిద్రపోవాలి, యజమానికి తెలిస్తే అదీ ఉండదు. ఆటోనగర్ లారీల మధ్య ఆపుకోవచ్చంటారు కొందరు. డ్రైవర్లు పడుకుంటున్నారు కదా అని. ఉదయం నుంచీ రేకులు కొట్టే చప్పుడు, రాత్రి లోడు బండ్ల రాకపోకలు. ఒకటి రెండు రాత్రులకైతే పర్వాలేదు.

జాగా లేకపోతే పొద్దున్నే ఇంకో చిక్కు. స్నానం, దొడ్డి. నెహ్రూ బస్ స్టేషన్లో డబ్బులిచ్చి వాడుకునే వసతి ఉంది, సులభ్ కాంప్లెక్సులున్నాయి, ఏ జిమ్ములోనో చేరి అక్కడే షవర్ కింద స్నానం కానిచ్చేవాళ్ళూ ఉన్నారు. మూడు రోజులు చేయవచ్చు. ఇస్త్రీ చొక్కాతో తొమ్మిదింటికి డాక్టరు ముందు నిలబడాల్సినవాడికి మూడు నెలలు కష్టం. వ్యానులో పోర్టబుల్ టాయిలెట్ పెట్టుకుంటామంటే, దాన్ని పారబోసే చోటు ముందు చూసుకోండి. కాలవలో పోయడానికి ఎవరికీ హక్కు లేదు. హాస్టల్లో బాత్రూము దగ్గర బకెట్టుతో వరసలో నిలబడినా, మీ వంతు వస్తుంది.

వంట గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. బెజవాడలో సందుకో కర్రీ పాయింట్ ఉంది. చిన్న కుక్కర్లో అన్నం వండుకోవడానికి బ్యాటరీ చాలు, పప్పు, కూర, పులుసు పొట్లాలు బయటివే. మూసిన బండిలో గ్యాసు సిలిండరు పెట్టే పని పెట్టుకోవద్దు.

ఆటోనగర్ మేస్త్రీలు బండిని ఏ రూపులోకైనా మార్చేస్తారు, అందులో అనుమానం లేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటాడా అన్నదే ప్రశ్న. బండి కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆర్సీలో ఉన్న వివరాలకు విరుద్ధంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే మాట గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. టాపు ఎత్తు పెంచడం, బాడీ కోయడం, సీట్లు శాశ్వతంగా పీకేయడం ఆ కోవలోకి వస్తాయి. మోటార్ కారవాన్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది, ఆ దారిలో వెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించుకుంటే చట్టబద్ధమే, కానీ నెలకు పదమూడు రాత్రుల కోసం అంత ఖర్చు దండగ. బోల్టులు బిగించని మడత మంచం, పెట్టెలు, తీసి పెట్టుకునే ఫ్యాను, బ్యాటరీ, అక్కడితో ఆగితే సామాను కిందే లెక్క. ఇన్సూరెన్సు వాళ్ళకు చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిము రోజున అడ్డం తిరుగుతాయి.

క్లెయిము అంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు నీళ్ళు నిలిచినప్పుడు, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు, మునిగిన బండ్లకు లెక్కలేదు. పోర్షన్ తీసుకున్నవాళ్ళు మంచాలు, ఫ్రిజ్జులు పోగొట్టుకున్నారు. హాస్టల్లో ఉన్నవాడు బ్యాగు తీసుకుని పై అంతస్తుకు ఎక్కాడు. వ్యాను కదిలే ఇల్లు కదా, తోలుకుపోవచ్చు కదా అంటే, తెల్లవారుజామున నీళ్ళు సైలెన్సరు దాకా వచ్చాక తోలడం కుదరదు. వానాకాలంలో బండి నిలిపేది కాస్త మెరకలో ఉండాలి. సొంత బండి నష్టానికి డబ్బిచ్చే ఓన్ డ్యామేజ్ పాలసీ ఉండాలి, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే చేతికేమీ రాదు.

పోర్షన్ గురించి తక్కువ రాశానంటే కారణముంది. ఒంటరిగా వారానికి మూడు రాత్రులుండేవాడికి అది దండగ. ఇంకొకళ్ళు కలిస్తే, లేదా ఏడాదిలో కుటుంబాన్ని తెచ్చుకునే ఉద్దేశం ఉంటే అప్పుడు పోర్షనే. పిల్లల స్కూలు అడ్మిషన్లు వ్యాను చిరునామా మీద జరగవు.

ఆడవాళ్ళ విషయంలో నేను ప్రహరీ గేటు లోపల తప్ప వ్యాను వైపు మొగ్గను. రోడ్డు పక్క బండిలో ఒంటరిగా పడుకోమని ఎవరికీ చెప్పలేను. వాళ్ళకు లేడీస్ హాస్టలే, గేటు తొమ్మిదింటికి వేస్తారని విసుగొచ్చినా సరే.

మొత్తం మీద నన్నడిగితే, జాగా ఉన్నవాళ్ళు కూడా వ్యానును ఏడాది పొడుగునా వాడక్కర్లేదు. హాస్టళ్ళు నెలవారీ కాబట్టి మార్చి నుంచి అక్టోబరు దాకా మంచం తీసుకుని, దీపావళి వెళ్ళాక బండిలోకి మారండి. ఆ ఎనిమిది నెలలూ వ్యాను ఇంటి దగ్గర ఖాళీగా ఉండదు. మిర్చి బస్తాలు యార్డుకు వేస్తుంది, నాన్నను చెకప్‌కు మంగళగిరి ఎయిమ్స్‌కు తీసుకెళ్తుంది, పెళ్ళిళ్ళకు చుట్టాలను ఎక్కిస్తుంది. మడత మంచం మాత్రం అటక మీద పెట్టండి, లేకపోతే అమ్మ దాని మీద వడియాలు ఎండబెడుతుంది.