బరువు లెన్సా, తేలిక జూమా: మన ఆటలకీ మన కొంగలకీ ఏది మేలు?

టెలిఫొటో, అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే లెన్సు, కొనాలనుకునే ప్రతివాడూ ముందు అడిగేది "ఎంత దూరం లాగుద్ది?" అని. నన్నడిగితే ముందు తేలాల్సిన సంగతి అది కాదు, మీరు ఫొటో తీసేది ఎన్నింటికి అన్నది. పొద్దున తొమ్మిదింటికి గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పిట్టల చెరువు గట్టు మీద నిలబడేవాడికి కావాల్సింది వేరు, రాత్రి తొమ్మిదింటికి సంక్రాంతి కబడ్డీ కోర్టు పక్కన చాప మీద కూర్చునేవాడికి కావాల్సింది వేరు. దూరాన్ని జూమ్‌లు చవగ్గానే ఇస్తున్నాయి. లక్షలు పోసి, భుజాలు అరగదీసుకుని కొనేది వెలుగుని.

బరిలో ఉన్నవి ఇవి (మి.మీ. అంకె పెరిగేకొద్దీ దూరం లాగుద్ది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ పడుతుంది). ఒకటి 400 మి.మీ. ఎఫ్ 2.8, క్రికెట్ మ్యాచ్‌లప్పుడు బౌండరీ బయట వరసగా కనిపించే తెల్ల ఫిరంగి. రెండు, 150–600, 200–600, 180–600 లాంటి జూమ్‌లు. వీటి వెలుగు చివర్లో ఎఫ్ 6.3కి పడిపోతుంది. మూడోది అందరూ మర్చిపోయే 70–200 ఎఫ్ 2.8. సెకండ్ హ్యాండ్ 300 ఎఫ్ 2.8 అని నాలుగోది కూడా ఉంది, దాని సంగతి ఆఖర్న చెప్తాను.

లెక్క ఇదీ. ఎఫ్ 2.8తో పోలిస్తే ఎఫ్ 5.6 దగ్గర సెన్సర్‌కి అందే వెలుగు నాలుగో వంతు. 6.3 దగ్గర దాదాపు ఐదో వంతు. బెజవాడ దండమూడి రాజగోపాల్ ఇండోర్ స్టేడియం లాంటి హాల్లో బ్యాడ్మింటన్ తీస్తున్నారనుకోండి. స్మాష్ కొట్టే చెయ్యి నిలవాలంటే షట్టర్ సెకనులో 1/1000 వంతు అయినా ఉండాలి. ఎఫ్ 2.8 దగ్గర దానికి ఐఎస్ఓ (తక్కువ వెలుగుని పెంచి చూపే సెట్టింగు, పెంచేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 3200 సరిపోయిందంటే, అదే ఫొటోకి 600 జూమ్ 16000 అడుగుతుంది. ఐఎస్ఓ పెంచనంటే షట్టర్ 1/200కి దిగాలి, అప్పుడు రాకెట్ ఉండదు, గాల్లో ఒక చార ఉంటుంది. "లెన్సులో స్టెబిలైజర్ ఉంది కదన్నా" అంటారు కుర్రాళ్ళు. అది ఆపేది మన చేతి వణుకుని తమ్ముడూ, ఆటగాడి కాలిని కాదు. కొమ్మ మీద కునుకుతీసే కొంగకి పనికొస్తుంది గానీ రైడ్‌కొచ్చినవాడికి కాదు.

రాత్రి ఆటలకి ఎఫ్ 2.8 కావాలన్న దాంట్లో నాకు అనుమానం లేదు. అయితే ఆ 2.8 నాలుగొందల లెన్సులోనే ఉండాలా? కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, బ్యాడ్మింటన్ కోర్టు 13.4. గీత పక్కనే కూర్చునే వీలున్న చోట 400 పెడితే ఫ్రేములో ముక్కూ చెవులూ తప్ప మనిషి పట్టడు. ఇక్కడ రాజు 70–200. పల్నాడు వైపు జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలకీ అంతే: దుమ్ములోంచి జత మన మీదికే వస్తుంటుంది, చూస్తుండగానే ఫ్రేము నిండిపోతుంది, జూమ్ వెనక్కి లాగగలగాలి. మన బెజవాడ, గుంటూరు వైపు ఏడాది పొడుగునా జరిగే ఆటల్లో ఎక్కువ భాగం ఈ లెన్సుతో అయిపోతాయి. పదిలక్షల లెన్సు కోసం కలలు కనేవాళ్ళు ఈ మాట వినరు, అది వేరే సంగతి.

క్రికెట్ దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. మంగళగిరి మైదానంలో గానీ, 2002లో భారత్, వెస్టిండీస్ వన్డే జరిగిన బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో గానీ బౌండరీ బయట కూర్చుంటే వికెట్లు సుమారు 65, 70 మీటర్ల అవతల ఉంటాయి. ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సరున్న కెమెరాకి 400 తగిలించి అడ్డంగా పట్టుకుంటే ఆ దూరంలో ఫ్రేము ఎత్తు సుమారు నాలుగు మీటర్లు వస్తుంది. బ్యాట్స్‌మన్ అందులో సగం కూడా ఆక్రమించడు. 600 పెడితే ఎత్తు సుమారు 2.7 మీటర్లు, మనిషి బాగా నిండుతాడు. ఎండలో జరిగే మ్యాచ్ అయితే ఎఫ్ 6.3 దగ్గర కూడా ఐఎస్ఓ 400తో 1/2500 హాయిగా వస్తుంది. అంటే పగటి క్రికెట్‌కి లక్షన్నర జూమ్, పదిలక్షల లెన్సు కన్నా సుఖం. ఫ్లడ్‌లైట్లు వేశాక మాత్రం లెక్క తిరగబడుతుంది: 400కి 1.4 రెట్ల టెలికన్వర్టర్ (లెన్సుకీ కెమెరాకీ మధ్య పెట్టే, దూరం పెంచే గాజు) తగిలిస్తే 560 ఎఫ్ 4 అవుతుంది, అప్పటికీ జూమ్ కన్నా రెట్టింపు పైన వెలుగు.

ఒక్క మాట. చాలా హాళ్ళలో, ఊరి కోర్టుల్లో లైట్లు కరెంటుతోపాటు సెకనుకి వందసార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు, 1/1000 షట్టర్‌కి తెలుస్తుంది. వరసగా పది ఫొటోలు తీస్తే ఒకటి పచ్చగా, ఒకటి మసగ్గా వస్తుంది. దీన్ని ఏ లెన్సూ బాగుచెయ్యదు. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేసుకోండి, "మీ లెన్సు తేడాగా ఉంది" అని షాపువాడి మీదికి వెళ్ళకండి.

పగలు కూడా ఎఫ్ 2.8కి ఒక పనుంది, దాన్ని తక్కువ చెయ్యను. మన గ్రౌండ్ల వెనక ఏముంటాయి? ప్రహరీ మీద కోచింగ్ సెంటర్ ప్రకటనలు, వరసగా బైకులు, షామియానా, దాని కింద ముఖ్య అతిథి. 400 ఎఫ్ 2.8 అదంతా మెత్తటి రంగుగా కరిగించేస్తుంది. ఎఫ్ 6.3 జూమ్‌తో తీస్తే ముఖ్య అతిథి ఫోన్ చూసుకోవడం కూడా కనిపిస్తుంది. పత్రిక్కి పంపేవాడికి ఈ తేడా నిజంగా డబ్బు చేస్తుంది.

ఇక పిట్టలు. ఇక్కడ నా ఓటు మొహమాటం లేకుండా తేలిక జూమ్‌కే.

ఉప్పలపాడు చిన్న చెరువు. నీళ్ళలోని తుమ్మల మీద ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు కిక్కిరిసి ఉంటాయి. ఊరివాళ్ళు వాటి జోలికి పోరు కాబట్టి మనుషుల్ని చూసి అంతగా బెదరవు. అక్కడ కావాల్సింది ఒకసారి 200, మరుక్షణం 600: గూటి మొత్తం ఒక ఫ్రేము, పిల్ల నోట్లోకి తల్లి చేప జారవిడిచే క్షణం ఇంకో ఫ్రేము. 400 ప్రైమ్ (జూమ్ కాని లెన్సు) పట్టుకున్నవాడు గట్టు మీద ముందుకీ వెనక్కీ నడుస్తూ ఉంటాడు. కైకలూరు పక్క ఆటపాకలో పడవెక్కితే మరీ కష్టం. పడవ ఊగుతుంటే మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) నిలవదు, ట్రైపాడ్‌కి చోటుండదు, అంతా చేతుల మీదే. మూడు కిలోల లెన్సుకి కిలో పైన కెమెరా బాడీ కలిస్తే నాలుగు కిలోలు దాటుతుంది. గూడబాతు రెక్క విప్పేదాకా దాన్ని కంటి దగ్గర ఎత్తి పట్టుకోండి చూద్దాం. అది ఎగిరే వేళకి మీ చేతులు దిగిపోయుంటాయి.

ఇంకో చిన్న లెక్క చాలామంది వెయ్యరు. ఇరవై మీటర్ల దూరంలో 400 ఎఫ్ 2.8కి స్పష్టంగా వచ్చే లోతు సుమారు నలభై సెంటీమీటర్లు. గూడబాతు ముక్కు నుంచి తోక దాకా నాలుగడుగుల పైమాటే. అది ఎదురుగా ఎగిరొస్తుంటే కన్ను పదునుగా వస్తుంది, తోకా రెక్కల చివర్లూ మసకబారతాయి. అందుకే ఎఫ్ 2.8 ఉన్నవాళ్ళు కూడా పెద్ద పిట్టలకి ఎఫ్ 5.6కి కుదించుకుంటారు. కుదించుకున్నాక ఆ బరువు మోసింది ఎందుకు? ఇంకా తమాషా ఏమిటంటే, అదే దూరంలో 600 ఎఫ్ 6.3కి కూడా లోతు ఇంచుమించు అంతే. పిట్ట మాత్రం ఒకటిన్నర రెట్లు పెద్దగా పడుతుంది.

బరువు లెన్సు పిట్టల దగ్గర నెగ్గేది రెండు చోట్ల. చలికాలం కొల్లేరు మీద మంచు తేలకముందు, వెలుగు ఇంకా బూడిదరంగులో ఉన్నప్పుడు ఒకటి. చెట్ల నీడలో కదిలే చిన్న పిట్ట రెండోది. ఎండాకాలంలో పది దాటిందంటే ఎవడి లెన్సైనా ఒకటే. నీళ్ళ మీద వేడిగాలి అలలు లేస్తుంటే దూరపు కొంగ ఈకలు ఉడుకుతున్నట్టు వస్తాయి. ఫోకస్ పోయిందనుకుంటారు, తప్పు గాలిది. దానికి మందు దగ్గరికెళ్ళడం, లేకపోతే ఇంటికెళ్ళడం. గూళ్ళున్న చోట మొదటిది కూడా కుదరదు.

బరువు గురించి కంపెనీలు ఏమీ చెయ్యలేదనలేం. కానన్ 400 ఎఫ్ 2.8 రెండో తరం 3.85 కిలోలుంటే 2018లో వచ్చిన మూడో తరం 2.84కి దిగింది. అదే ఏడు వచ్చిన సోనీది 2.9 కిలోల లోపే. ముందుండే బరువైన గాజుని వెనక్కి జరిపారు కాబట్టి పట్టుకుంటే మూతి కిందికి వాలడం కూడా తగ్గింది. అయినా పసిబిడ్డని రెండు గంటలు ముందుకు చాచి ఎత్తుకున్నట్టే. నికాన్ 400 ఎఫ్ 4.5 అయితే స్టాండుకి బిగించే కాలర్‌తో కలిపి 1.25 కిలోలే. వెలుగులో సుమారు అరవై శాతం వదులుకుంటే సగం కన్నా తక్కువ బరువు. నడిచి తిరిగే నికాన్‌వాళ్ళు దాన్ని చూడకుండా పెద్దదాని జోలికి పోవద్దు. మనలో ఎక్కువమంది తిరిగేది బైకు మీద, పాసింజరు రైల్లో. పెద్ద లెన్సు సంచీ ఒళ్ళో పెట్టుకుని కైకలూరు దాకా వెళ్ళాలంటే ఫొటో కన్నా సంచీ మీదే ధ్యాసంతా ఉంటుంది.

ధర: కొత్త 400 ఎఫ్ 2.8 పది లక్షలూ ఆ పైన. జూమ్‌లు లక్ష నుంచి రెండు లక్షల మధ్య. ఏడాదికి నాలుగైదు రాత్రి మ్యాచ్‌లకి మాత్రమే పెద్దది కావాల్సినవాడు అద్దెకి తెచ్చుకోవడమే న్యాయం. రోజూ ఆటలే వృత్తిగా ఉన్నవాడికి అది పెట్టుబడి, అతనికి నా సలహా అక్కర్లేదు.

నాయిస్, అంటే ఐఎస్ఓ పెంచితే వచ్చే గరుకు, తీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు బాగా ముదిరాయి, ఐఎస్ఓ 12800 ఫైలు కూడా పనికొచ్చేలా శుభ్రం చేస్తున్నాయి. అందువల్ల రెండు లెన్సుల మధ్య దూరం తగ్గిన మాట నిజం. కానీ చీకట్లో ఫోకస్ దొరక్క తడుముకున్న క్షణాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. ఆ తడుములాట ఎఫ్ 6.3 దగ్గరే ఎక్కువ.

ఆటలూ పిట్టలూ రెండూ తీసే, జేబు అంత లోతు లేని మనిషికి నేను చెప్పేది: ముందు 70–200 ఎఫ్ 2.8, తర్వాత 600 దాకా వెళ్ళే జూమ్. రెండూ కలిపినా పెద్ద లెన్సు ధరలో సగం కాదు. ఇవి ఉండి, ఇంకా రాత్రి క్రికెట్ పిలుస్తుంటే అప్పుడు పాత 300 ఎఫ్ 2.8 వెతకండి. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) బాడీకి తగిలిస్తే 450 చూపు, ఎఫ్ 2.8 వెలుగు. రెండు రెట్ల కన్వర్టర్ పెడితే 600 ఎఫ్ 5.6, కాకపోతే పదును కొంత తగ్గుతుంది, ఫోకస్ నెమ్మదిస్తుంది.

పాతది కొనేటప్పుడు ఫోన్ టార్చి లోపలికి వేసి రెండు వైపుల నుంచీ చూడండి. మన కృష్ణా గాలిలోని చెమ్మకి బీరువాలో మూలనపడ్డ లెన్సు లోపల సాలెగూడులా బూజు పాకి ఉంటుంది. బయట పెయింటు గీతలు లెక్కలోకి రావు. ఫోకస్ మోటారు చప్పుడు వినండి, దగ్గర నుంచి అనంతం దాకా పదిసార్లు పరిగెత్తించండి. ఆ మోడల్‌కి మోటారు ఇంకా దొరుకుతోందా అని డబ్బివ్వకముందే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి అడగండి. దొరకదంటే, ఎంత చవగ్గా ఇస్తానన్నా వదిలెయ్యండి.