పిడ్జినా, హెక్స్‌చాటా, బ్రౌజరా: కరెంటు పోయే ఊళ్లో ఐఆర్‌సీకి ఏది మేలు?

ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్) అంటే చానెళ్లనే గదుల్లోకి వెళ్లి నలుగురితో రాసుకుంటూ మాట్లాడే పాతకాలపు చాట్. దాంట్లోకి వెళ్లడానికి కంప్యూటర్లో వేసుకునే ప్రోగ్రాములే పిడ్జిన్, హెక్స్‌చాట్; బ్రౌజర్‌తోనూ వెళ్లొచ్చు. ఐఆర్‌సీలో ఖాతా పెట్టుకోవడానికి ఏ ప్రోగ్రాం మంచిదని అడిగితే, ఏది తొందరగా సెట్ అయితే అదే మంచిదంటారు చాలామంది. ఆ లెక్కన బ్రౌజర్‌ని మించింది లేదు. కానీ ఖాతా పెట్టడం ఒక్క రోజు పని. తర్వాత రోజూ పడే ఇబ్బంది వేరు. రాత్రి తొమ్మిదికి ప్రశ్న వేసి కూర్చుంటాం, జవాబు వచ్చేలోపు కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, వైఫై రూటర్ ఆరిపోతుంది. తుఫాను రోజుల్లో పలాస, టెక్కలి వైపు సంగతి చెప్పనే అక్కర్లేదు.

వాట్సాప్‌లో అయితే నెట్ వచ్చాక మెసేజీలన్నీ వరసగా దిగుతాయి. ఐఆర్‌సీ అలా కాదు. 1988లో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ దీన్ని తయారుచేసినప్పుడు ఎలా ఉందో, లిబెరా చాట్ లాంటి నెట్‌వర్కుల్లో (ఐఆర్‌సీ నడిపే సర్వర్ల గుంపుల్లో) ఈ విషయంలో ఇవాళ్టికీ అలాగే ఉంది. మీరు లేనప్పుడు చానెల్లో ఎవరేం మాట్లాడినా అది మీకు రాదు. అందుకే నేను ఏ ప్రోగ్రాంనైనా కరెంటు పోయాక ఎలా తేరుకుంటుందో చూసి తూస్తాను.

ముందు బ్రౌజర్ సంగతి. ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), వికీమీడియా (వికీపీడియా నడిపే సంస్థ) లాంటివాళ్ల చానెళ్లు ఉన్న లిబెరాకి సొంత వెబ్‌చాట్ ఉంది. ఒక నిక్ (చాట్‌లో కనిపించే మీ పేరు), చానెల్ పేరు టైపు చేసి బటన్ నొక్కితే లోపలికి వెళ్లిపోతాం. ఇన్‌స్టాల్ గొడవ లేదు. కాలేజీ ల్యాబ్‌లోనో, కాంప్లెక్స్ దగ్గరి నెట్ సెంటర్‌లోనో కూర్చుని ఒక్క ప్రశ్న అడిగి లేచిపోయేవాళ్లకి ఇది చాలు. ట్యాబ్ మూస్తే మాత్రం అంతా అయిపోయినట్టే. ఫోన్లో తెరిచి వేరే యాప్‌లోకి వెళ్లినా కాసేపటికి కనెక్షన్ తెగుతుంది. ఎచ్చెర్లలో చదివే ఒక కుర్రాడు అలా ఫోన్లో ప్రశ్న వేసి, మధ్యలో రీల్స్ చూసుకుని తిరిగొచ్చి, "జవాబు రాలేదు మాస్టారూ, ఎవరూ లేరేటి?" అన్నాడు. ఉన్నారు. జవాబు వచ్చే టైముకి వీడే లేడు.

రాత్రి తొమ్మిదికే ప్రశ్న వెయ్యడం వెనక కూడా కారణం ఉంది. మనకి రాత్రి తొమ్మిదంటే యూరప్‌లో సాయంత్రం, అమెరికా తూర్పు తీరంలో ఉదయం. జవాబు చెప్పేవాళ్లు ఎక్కువమంది మేలుకుని ఉండే వేళ అదే. పగలు పదకొండుకి అడిగితే సాయంత్రం దాకా ఆగాల్సి రావచ్చు. అంతసేపు కాచుకుని ఉండే ప్రోగ్రాం కావాలి.

పిడ్జిన్‌కి ఒకప్పుడు ఉన్న అందం, అన్ని చాట్లూ ఒక్క కిటికీలో ఉండడం. 1998లో గెయిమ్ అనే పేరుతో మొదలై 2007లో పిడ్జిన్ అయింది. యాహూ, ఏఐఎం, గూగుల్ టాక్ లాంటి చాట్ సేవలన్నీ దీంట్లోనే నడిచేవి. ఏఐఎం 2017 డిసెంబరులో, యాహూ మెసెంజర్ 2018 జులైలో మూతపడ్డాయి, గూగుల్ టాక్ కూడా పోయింది. మనకి పనికొచ్చేవి ఇంక ఐఆర్‌సీ, ఎక్స్‌ఎంపీపీ (ఇంకో చాట్ పద్ధతి). కాబట్టి 'అన్నీ ఒకేచోట' అనే మాట పట్టుకుని పిడ్జిన్ ఎంచుకోకండి.

పిడ్జిన్‌లో ఖాతా పెట్టేటప్పుడు అకౌంట్స్ మెనూలో మేనేజ్ అకౌంట్స్‌కి వెళ్లి యాడ్ నొక్కి, ప్రోటోకాల్ దగ్గర ఐఆర్‌సీ ఎంచుకోవాలి. యూజర్‌నేమ్ అంటే మీ నిక్. అది ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి, అంకెతో మొదలవకూడదు, మధ్యలో ఖాళీ కుదరదు. లిబెరాలో 16 అక్షరాలు దాటకూడదు కాబట్టి ఇంటిపేరుతో సహా రాసుకునేవాళ్లు కాస్త కుదించుకోవాలి. సర్వర్ దగ్గర ఐఆర్‌సీ డాట్ లిబెరా డాట్ చాట్. ఇక్కడితో అయిపోయిందనుకుని సేవ్ కొట్టేస్తారు. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో అసలు పని మిగిలే ఉంటుంది. మామూలు పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే దారి నంబరు) 6667, అందులో మీ మాటలూ పాస్‌వర్డూ ఏ ముసుగూ లేకుండా పోతాయి. ఎస్ఎస్ఎల్‌కి (మాటల్ని దాచి పంపే పద్ధతి) టిక్ పెట్టి, పోర్టుని చేత్తో 6697 చెయ్యాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే కనెక్ట్ కాదు. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉండాలి, లేకపోతే తెలుగు గందరగోళంగా వస్తుంది.

నిక్ మీ పేరున ఉండాలంటే స్లాష్ ఎంఎస్‌జీ (/msg) అనే ఆదేశంతో నిక్‌సర్వ్‌కి (నెట్‌వర్క్‌లో నిక్‌ల లెక్క చూసే ప్రోగ్రాంకి) రిజిస్టర్ అని పంపి, పక్కనే పాస్‌వర్డ్, ఈమెయిల్ ఇవ్వాలి. మెయిల్‌కి వచ్చిన ఆదేశాన్ని చాట్‌లో తిరిగి పెడితే ఖాయం. తర్వాత అదే పాస్‌వర్డ్‌ని ఖాతాలో రాసి ఎస్ఏఎస్ఎల్ (కనెక్ట్ అవుతూనే లాగిన్ చేసే పద్ధతి) టిక్ పెట్టాలి. కొన్ని చానెళ్లు రిజిస్టర్ కానివాళ్లని మాట్లాడనివ్వవు. ఒక నెట్‌వర్క్‌లో చేసిన రిజిస్ట్రేషన్ ఇంకోచోట చెల్లదు. డెబియన్ (ఇంకో లినక్స్) వాళ్లు ఓఎఫ్‌టీసీ అనే వేరే నెట్‌వర్క్‌లో ఉంటారు, అక్కడ మళ్లీ మొదటినుంచే.

హెక్స్‌చాట్‌లో ఈ తంటా సగం తగ్గుతుంది. తెరవగానే నెట్‌వర్కుల జాబితా వస్తుంది, లిబెరా అందులోనే ఉంటుంది. నిక్ ఇస్తారు, ఎడిట్‌లో లాగిన్ పద్ధతి ఎస్ఏఎస్ఎల్ అని పెట్టి పాస్‌వర్డ్ రాస్తారు, అంతే. ఐఆర్‌సీ కోసమే తయారైంది కనక మనం ఆలోచించాల్సింది తక్కువ.

ఇంకోటి, తెలుగులో రాసేవాళ్లకి బాగా పనికొచ్చేది. ఐఆర్‌సీలో ఒక మెసేజ్ మొత్తం 512 బైట్లు దాటకూడదు, చానెల్ పేరూ మీ వివరాలూ అందులోనే. తెలుగులో ప్రతి గుర్తుకీ మూడు బైట్లు. అక్షరానికి కాదు, గుర్తుకి: 'శ్రీకాకుళం' అనే ఒక్క మాటలో పొల్లు, గుడి, దీర్ఘం, కొమ్ము, సున్నా అన్నీ కలిపి పది గుర్తులు, అంటే 30 బైట్లు. ఈ లెక్కన 140 గుర్తులు దాటేసరికి వాక్యం హద్దు మీదకి వచ్చేస్తుంది. హెక్స్‌చాట్ పొడుగు మెసేజ్‌ని తనే ముక్కలు చేసి పంపుతుంది. ఏ ప్రోగ్రాంలో అయినా చిన్న చిన్న వాక్యాలు రాయడం అలవాటు చేసుకుంటే టెన్షన్ ఉండదు.

ఇప్పుడు కరెంటు పరీక్ష. రూటర్ ఆరిపోగానే ఫోన్ హాట్‌స్పాట్‌కి మారారనుకోండి. రెండు ప్రోగ్రాములూ వాటంతట అవే మళ్లీ కనెక్ట్ అవుతాయి. కానీ పాత కనెక్షన్ పోయిందని సర్వర్‌కి వెంటనే తెలియదు. అందాకా మీ పాత నిక్ చానెల్లోనే కూర్చుని ఉంటుంది, మీ నిక్ వేరేవాళ్ల దగ్గర ఉందని మీకే చెబుతారు! పిడ్జిన్ మీ పేరు చివర అంకె తగిలిస్తుంది, హెక్స్‌చాట్ మీరు ముందే రాసిపెట్టిన రెండో పేరు వాడుతుంది. నిక్‌సర్వ్‌కి రీగెయిన్ అని పంపితే మీ పేరు మీకొస్తుంది.

చానెల్‌లోకి తిరిగి వెళ్లడంలో పిడ్జిన్ పద్ధతి నాకు నచ్చుతుంది. చానెల్‌ని బడ్డీ లిస్ట్‌లో కలిపి ఆటో-జాయిన్, పర్సిస్టెంట్ రెండూ పెట్టేయండి. పర్సిస్టెంట్ లేకపోతే కిటికీ మూసినప్పుడల్లా చానెల్ నుంచే బయటికి వచ్చేస్తారు, చాలామందికి తెలియక పోగొట్టుకునేది ఇక్కడే. ఎవరు వచ్చారో ఎవరు పోయారో అన్న గోల ఎక్కువైతే జాయిన్/పార్ట్ హైడింగ్ ప్లగిన్ పిడ్జిన్‌తోనే వస్తుంది.

మరి ఏది మేలు? వాడకంలో హెక్స్‌చాటే మేలు. కానీ 2024 ఫిబ్రవరిలో వచ్చిన 2.16.2నే చివరి విడుదలగా దాన్ని నడిపేవాళ్లు ప్రకటించారు. ఇక ముందు లోపం బయటపడితే దిద్దే దిక్కు ఉంటుందో లేదో. ఇప్పటికే వాడుతున్నవాళ్లని మానమనను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మాత్రం, సొంత ల్యాప్‌టాప్ ఉంటే పిడ్జినే చెబుతాను. హాస్టల్లో నలుగురు వాడే సిస్టమ్ అయితే బ్రౌజరే. ఎందుకంటే పిడ్జిన్ మామూలుగా పాస్‌వర్డ్‌ని అకౌంట్స్ ఫైల్లో ఉన్నదున్నట్టు దాస్తుంది, ఫైలు తెరిచినవాడు చదివేస్తాడు. హెక్స్‌చాట్ కూడా ఈ విషయంలో ఏమంత గొప్ప కాదు.

ఈ మూడింటిలో ఏదీ కరెంటు లేని అరగంటలో పడిన జవాబుని తెచ్చిపెట్టదు. అది కావాలంటే ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక మెషీన్ మీద జడ్‌ఎన్‌సీ లాంటి బౌన్సర్ పెట్టుకోవాలి. మీ బదులు అది చానెల్లో ఉండి, మీరు రాగానే మిస్సయినవి చూపిస్తుంది. పిడ్జిన్‌లో సర్వర్ పేరు మార్చి దానికే కలపొచ్చు. నెలకోసారి ఐఆర్‌సీ ముఖం చూసేవాడికి అంత హంగామా దండగ. రోజూ వాడేవాళ్లు అయినా ముందు రూటర్ వైరుని ఇన్వర్టర్ లైన్‌కి మార్పించండి, ఎలక్ట్రీషియన్‌కి పది నిమిషాల పని. అప్పటికీ జవాబులు పోతుంటే బౌన్సర్ సంగతి చూడొచ్చు.