సింకు కింద పెట్టే గ్రీజు ట్రాప్: హోటల్ వంటగదికి సరిపోతుందా?

సింకు నీళ్లలోని నూనె, జిడ్డు మురుగు పైపులోకి పోకుండా ఆపే స్టీలు పెట్టె ఇది. నిమిషానికి 75 లీటర్ల నీటిని తట్టుకుంటుంది, 18 కిలోల జిడ్డు పడుతుంది. ఒకట్రెండు సింకులున్న చిన్న వంటగదికి చాలు. గిన్నెలు కడిగే మెషీన్‌ను మాత్రం దీనికి కలపొద్దు. 60 డిగ్రీలు దాటిన నీళ్లకు జిడ్డు కరిగి, పెట్టె దాటిపోయి మురుగు పైపులో గడ్డకడుతుంది.

మెచ్చుకోవాల్సింది మూతను. రబ్బరు గ్యాస్కెట్ బిగువుగా కూర్చుంటుంది, వాసన బయటికి రాదు. నీటి వేగాన్ని తగ్గించే ఫ్లో కంట్రోల్ ముక్క డబ్బాలోనే వస్తుంది గానీ, అదెందుకులే అని పక్కన పడేసే ప్లంబర్లున్నారు. అది లేకపోతే నీళ్లు ఉరుకుతాయి, నూనె పైకి తేలే వ్యవధే ఉండదు. ట్రాప్ ఉన్నా లేనట్టే.

నీటి లోతులో నాలుగో వంతు జిడ్డూ మడ్డీ చేరగానే శుభ్రం చేయాలి. పుల్ల ముంచి చూస్తే తెలిసిపోతుంది. రద్దీ వంటగదిలో వారం కూడా ఆగకపోవచ్చు. జిడ్డు కరిగించే ఎంజైములు పోయడం తెలివి కాదు, సమస్య వీధి మురుగు కాల్వకు మారుతుందంతే. చాలా నగరపాలక సంస్థలు వాటిని ఒప్పుకోకపోవడానికి కారణం అదే. జిడ్డు తీసిన తేదీ, పరిమాణం, తీసుకెళ్లినవారి రసీదు దాచిపెట్టండి, తనిఖీలో అవి అడుగుతారు.

లోపలి అడ్డుపలకలు ఊడిరాకపోవడం పెద్ద లోపం. మూలల్లో మడ్డి గీకడం నరకమే.