నాన్నకి తీయించిన ఫుల్ బాడీ సీటీ: స్కాన్‌కి అయిదు స్టార్లు, రిపోర్టుకి రెండు

నాన్నకి మల్టిపుల్ మైలోమా (ఎముకల్ని తినేసే ఒక రకం బ్లడ్ క్యాన్సర్) అని తేలి నాలుగు వారాలు. అంతకుముందు నడుం నొప్పికి ఎక్స్‌రే తీయిస్తే "ఎముకలు బాగానే ఉన్నాయి" అన్నారు, మేమూ నిశ్చింతగా ఉండిపోయాం. ఎముక కనీసం 30 శాతం కరిగితే గానీ ఎక్స్‌రేలో చిల్లు కనబడదని బ్లడ్ క్యాన్సర్ డాక్టర్ చెప్పాక తెలిసింది. అందుకే ఈసారి లో డోస్ సీటీ (తక్కువ రేడియేషన్‌తో తీసేది) రాశారు.

సెంటర్ పేరు రాయను. కౌంటర్‌లో అబ్బాయి "బోన్ స్కాన్ చేయించండి, రెండూ ఒకటే" అన్నాడు. ఒకటి కాదు. బోన్ స్కాన్ పట్టుకునేది కొత్త ఎముక కట్టుకునే చోటుని. మైలోమా ఆ కట్టుకోవడాన్నే ఆపేస్తుంది, కాబట్టి చాలా చిల్లులు అందులో పడవు. చీటీ చూపించి సీటీయే చేయమన్నాను.

లోపల టెక్నీషియన్ మాత్రం బంగారం. నాన్న వెల్లకిలా పడుకోలేరు, భుజాలు పైకి లేవవు. మోకాళ్ల కింద ఒక దిండు, పొట్ట మీద ఇంకోటి పెట్టి చేతులు దాని మీద ఆనించమన్నాడు. సూది లేదు, కాంట్రాస్ట్ మందు లేదు. నాన్న కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్నాయి, ఆ మందు ఎక్కిస్తే వాటికేమవుతుందోనని టెన్షన్ నాకుండేది. స్కాన్ నిమిషంలో అయిపోయింది, బల్ల ఎక్కించి దించడానికే పావుగంట పట్టింది. "ఇంతేనా?" అన్నారు నాన్న, కాస్త నిరాశగా కూడా.

అసలు గొడవ రిపోర్టుతో. "వెన్నులో, తొడ ఎముకల్లో అక్కడక్కడా చిల్లులు" అని ఒకే వాక్యం, కొలతల్లేవు. సీటీలో 5 మిల్లీమీటర్ల చిల్లు ఒక్కటున్నా మైలోమా ఎముకను తింటున్నట్టే లెక్క, అలాంటిది సైజు రాయకపోతే ఎలా? వెనక్కి పంపాను. మర్నాడు రేడియాలజిస్ట్ మేడమ్ స్వయంగా ఫోన్ చేసి, సరిచేసి ఇచ్చారు: కుడి తొడ ఎముకలో 22 మిల్లీమీటర్ల చిల్లు, పక్క గోడ పల్చబడింది. ఆ ఒక్క లైను చూసి, ఎముక విరిగే ప్రమాదం ఉందని డాక్టర్ అదే రోజు ఎముకల సర్జన్ దగ్గరికి పంపారు. అప్పటిదాకా నాన్న రోజూ మేడ మెట్లు ఎక్కి దిగుతూనే ఉన్నారు.

చికిత్సయ్యాక పెట్ సీటీ ఉంటుందన్నారు. జబ్బు తగ్గినా మామూలు సీటీలో పాత చిల్లులు అలాగే కనిపిస్తాయట, ఇంకా చురుగ్గా ఉన్నవేవో పెట్‌లో తెలుస్తుంది. దానికీ ఇక్కడికే వస్తాం, ఆ టెక్నీషియన్ డ్యూటీ ఎప్పుడో కనుక్కుని. కొలతలు వేయమని మాత్రం ముందే కాగితం మీద రాసిస్తాను.